భుజం మీద చెయ్యి

ఆ వానాకాలం మొదలైన పది రోజుల్లోనే గార్మెంట్ ఫ్యాక్టరీ వెనక సందులో మూడుసార్లు అలా జరిగింది. ఫ్యాక్టరీ గేటు నుంచి బస్టాపుకి ఆ సందు అడ్డదారి. ఒక పక్క గోడౌన్ గోడ, ఇంకో పక్క మురుగు కాలవ, మధ్యలో సిమెంటు బాట. రోడ్డు చుట్టూ తిరిగి వెళ్తే ఆరు గంటల బస్సు తప్పిపోతుంది. మూడుసార్లూ సాయంత్రమే. మూడుసార్లూ ఒంటరిగా వెళ్తున్న ఆడమనిషినే వెనకనుంచి ఎవడో వచ్చి పట్టుకున్నాడు, అరిస్తే పారిపోయాడు. రెయిన్‌కోటు వేసుకున్నాడని ముగ్గురూ చెప్పారు. ఈ వానల్లో రెయిన్‌కోటు వేసుకోనివాడెవడని పోలీస్ స్టేషన్‌లో అడిగారట.

నా భార్య ఆ ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర పనిచేస్తుంది. రోజుకి నాలుగు వందల చొక్కాలు తిరగేసి చూసి, కుట్టు తప్పినవాటిని పక్కన పెట్టడం ఆమె పని. నేను ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తాను. మాతోనే ఉండే నా చెల్లెలు టైర్ల కొట్టు పైన హాలు అద్దెకి తీసుకుని పిల్లలకి కరాటే కిక్కులు నేర్పుతుంది. చిన్నప్పుడు ఒంటికాలి మీద గిర్రున తిరిగేదని ఇంట్లో దాన్ని బొంగరం అనేవాళ్ళం. ఆ తిరగడానికే తర్వాత బెల్టులూ సర్టిఫికెట్లూ వచ్చాయి.

మూడోసారి జరిగిన మర్నాడు భోజనాల దగ్గర నా భార్య అడిగింది.

"ఏం అమ్మాయ్, ఊళ్ళో పిల్లలందరికీ నేర్పుతావు. మాకు నేర్పవా?"

"మాకు అంటే?"

"మా ఫ్లోర్‌లో పదకొండు మందిమి వస్తాం."

"నువ్వు కూడానా వదినా? అసలే ఆడపడుచు అర్ధమొగుడంటారు. తన్నడం నేర్పితే మొదటి తన్ను నాకే పడుతుంది."

"సగం మొగుడి మీద ఎందుకు వేస్ట్ చెయ్యడం? పూర్తి మొగుడు ఎదురుగా కూర్చునుంటే."

నేను నీళ్ళ గ్లాసు అందుకున్నాను.

ఆదివారం పొద్దున్న పదకొండు మందీ హాలుకి వచ్చారు. బొంగరం తనకి తెలిసిందే నేర్పింది. బెల్టు పరీక్షల్లో మార్కులు పడేది పైకి లేచిన కాలికి. అందుకని ఛాతీ ఎత్తున ప్యాడ్ పట్టుకుని నిలబడింది. కింద చాపలు, కాళ్ళకి చెప్పుల్లేవు. రెండో ఆదివారానికి నలుగురి కాలు ప్యాడ్ దాకా లేచింది. అందరికంటే పైకి లేచింది కాజాల అక్క కాలు. బొత్తాలకి కాజాలు కుట్టే మెషిన్ మీద పనిచేస్తుందని ఆవిడకి ఆ పేరు. నలభై ఏడేళ్ళు.

ఆ బుధవారం కాజాల అక్క సందులో వెళ్తుంటే వెనక అడుగుల చప్పుడు వినపడింది. గిరుక్కున తిరిగి వాడి తల మీదికి కాలు విసిరింది. కింద ఉన్న రెండో కాలి చెప్పు నాచు మీద జారింది. వెనక వచ్చినవాడు ఇంకో వైపుకి పరుగెత్తాడు. ఆవిడ మణికట్టుకి ఎక్స్‌రే నేనే తీశాను.

"వాడు నన్ను ముట్టుకోను కూడా ముట్టుకోలేదు తమ్ముడూ," అంది టేబుల్ మీద చెయ్యి చాపి. "నా చెయ్యి నేనే విరగ్గొట్టుకున్నా."

"వాడేనా అక్కా?"

"ఏమో. తల ఎక్కడుందో చూసుకున్నాగానీ మొహం చూడలేదు."

ఈ మాట ఇంట్లో చెబితే నా భార్య నవ్వింది. బొంగరం నవ్వలేదు.

"తప్పు నాది అన్నయ్యా. చాప మీద, చెప్పుల్లేకుండా, ఎదుటి మనిషి ప్యాడ్ పట్టుకుని నిలబడితే పనికొచ్చేది నేర్పాను. వాళ్ళు నడిచేది నాచు మీద."

తర్వాతి ఆదివారం హాల్లో చాపలు చుట్టేసింది. దారిలో ఏవి వేసుకుంటారో వాటితోనే రమ్మంది. ఫ్యాక్టరీ ఇచ్చే రబ్బరు బూట్లు కొందరివి, చెప్పులు కొందరివి. బకెట్టుతో నేల మీద నీళ్ళు కొట్టింది. కాలు మోకాలి ఎత్తు దాటకూడదంది. ఒక చెయ్యి గోడకి ఆనించాలి. తిరిగిన వెంటనే మడమతో పక్కకి తన్నాలి, మోకాలి మీదో దాని కిందో. కాలు వెంటనే కింద పెట్టి పరుగెత్తాలి. సంచీ పడిపోతే వదిలెయ్యాలి. పరుగెత్తడానికి దారుంటే అసలు తన్నొద్దు.

"వాడు పడ్డాడా లేదా చూడక్కర్లేదు. మనకి కావలసింది పది అడుగులు. అంతే," అంది.

"పడితే ఇంకోటి తన్నకూడదా?" అని ఎవరో అడిగారు.

"ఇంకోటి తన్నితే కేసు మన మీద."

వానచప్పుడుకి వెనక అడుగులు వినపడవని కాజాల అక్క చెప్పింది. గొడుగు కింద అసలే వినపడవంది. అందుకే బొంగరం ఒక అభ్యాసం కనిపెట్టింది. గోడ పక్కన కళ్ళు మూసుకుని నిలబడాలి. వెనకనుంచి భుజం మీద చెయ్యి పడుతుంది. ఎప్పుడు పడుతుందో చెప్పరు. పడ్డ క్షణంలో తిరిగి తన్నాలి. ఆలోచించేలోపు అయిపోవాలి.

ఆ చెయ్యి నాది. పాత పరుపులో స్పాంజి కోసి, ఆసుపత్రి బ్యాండేజీతో నా రెండు మోకాళ్ళకీ కట్టింది బొంగరం.

"విలన్‌గారు వచ్చారు," అన్నారు ఆడవాళ్ళు.

"ఈ మొహానికి విలనా? కమెడియన్ అనండి," అంది నా భార్య.

మనిషికి ఇరవైసార్లు చొప్పున ఐదు ఆదివారాలు చెయ్యి వేశాను. మొదటి వారం వాళ్ళు తిరిగేలోపు ఒకటి, రెండు లెక్కపెట్టగలిగేవాణ్ణి. ఐదో వారం ఒకటి అనేలోపు స్పాంజి మీద మడమ పడేది. ఓ రోజు వంటింట్లో ఉప్పు డబ్బా అందుకోవడానికి నా భార్య భుజం మీద చెయ్యి ఆనించాను. గరిటె ఒక వైపు, నేను ఒక వైపు పడ్డాం.

బొంగరం చప్పట్లు కొట్టింది. "చూశావా అన్నయ్యా? ఒంటికి పట్టింది."

నా భార్య నన్ను లేపుతూ, "అయ్యో, చూసుకోలేదండీ," అంది. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆ మరుసటి శుక్రవారం నా భార్య ఏడింటికి ఇల్లు చేరింది. గొడుగు లేదు, సంచీ లేదు. బూట్లు విప్పకుండా లోపలికి వచ్చి కూర్చుంది.

"తన్నాను," అంది.

బొంగరం ఎగిరి ఆమె పక్కన కూర్చుంది. "నీకేం కాలేదుగా? జారలేదుగా?"

"లేదు. గోడ పట్టుకున్నా."

"ఎక్కడ తగిలింది?"

"మోకాలి మీద. ఏదో విరిగినట్టు చప్పుడైంది. పడ్డాడు. పరుగెత్తాను."

"వెనక్కి చూశావా?"

"నువ్వు చూడొద్దన్నావుగా."

"శభాష్," అంది బొంగరం. లేచి వాళ్ళ వదిన బూట్లు తనే విప్పింది.

శనివారం పొద్దున్న పదకొండింటికి ఎక్స్‌రే గదిలోకి ఒక మనిషిని వీల్‌చెయిర్లో తెచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. గోళ్ళ కింద నీలం రంగు ఉంది. కుడి మోకాలు వాచింది. దెబ్బ ఎలా తగిలిందో ఫారంలో రాయాల్సింది నేనే.

"నిచ్చెన మీంచి పడ్డా," అన్నాడు.

"ఎంత ఎత్తునుంచి?"

"ఎంతో కాదు. నాలుగు మెట్లు."

"ఏం పని చేస్తారు?"

"బోర్డులు రాస్తా. గోడల మీద కూడా."

"వానలో కూడానా?"

ఆయన నా వైపు చూశాడు. "కడుపుకి వానాకాలం, ఎండాకాలం తెలుస్తాయా సార్?"

"ఎప్పుడు పడ్డారు?"

"నిన్న సాయంత్రం. గోడౌన్ల వెనకాల."

ప్యాంటు మోకాలి దాకా కత్తిరించాను. మోకాలి బయటివైపు చర్మం కమిలింది. కమిలినచోట అడ్డంగా మూడు గీతలున్నాయి. ఫ్యాక్టరీ బూటు మడమ కింద మూడు గీతలుంటాయి. ఆ బూట్లు మా గుమ్మం దగ్గర రోజూ చూస్తాను. ఎదురుగా ఒక ఫిల్ము, పక్కనుంచి ఒక ఫిల్ము తీశాను. మోకాలి కింది ఎముక పైభాగంలో, బయటి అంచున చీలిక ఉంది. పక్కనుంచి దెబ్బ పడితే అలా చీలుతుంది. నిచ్చెన మీంచి పడినా ఒక్కోసారి చీలుతుంది. ఫారంలో 'నిచ్చెన' అని రాశాను.

పేషెంట్ల సంగతులు ఇంట్లో చెప్పకూడదు. పదిహేడేళ్ళ సర్వీసులో చెప్పలేదు. ఆదివారం హాలుకి వెళ్ళలేదు. నడుం నొప్పన్నాను. సోమవారం పొద్దున్న ఆ సందులోకి వెళ్ళి చూశాను. గోడౌన్ గోడ మీద నీలం రంగుతో 'ఇక్కడ వాహనములు నిలుప' అని ఉంది. 'రాదు' లేదు. అంటే అక్కడ ఎవరో నిజంగానే రాస్తున్నారు. వేలు పెట్టి చూశాను. రంగు ఆరి చాలా రోజులైనట్టుంది. అంటే శుక్రవారం రాయలేదు. లేకపోతే మిగిలిన రెండక్షరాలు రాద్దామని వచ్చి, వాన పట్టుకుంటే ఆగాడేమో. నిచ్చెన కనపడలేదు. మూడు రోజులు ఎవరూ తీసుకుపోకుండా అక్కడే ఉంటుందా అని కూడా అనిపించింది. కాలవ పక్కన నా భార్య గొడుగు దొరికింది. పుల్ల ఒకటి విరిగింది.

ఫ్యాక్టరీలో ఆ పాటికి కథ పెరిగింది. మధ్యాహ్నం భోజనాల టైములో అందరూ లేచి నా భార్యకి చప్పట్లు కొట్టారట. "నా చేతికి వాడి కాలు చెల్లు," అందట కాజాల అక్క కట్టు పైకెత్తి. అదే వారం ఫ్యాక్టరీవాళ్ళు సందులో రెండు లైట్లు వేయించి, ఒక వాచ్‌మన్‌ని పెట్టారు. ఆ తర్వాత అక్కడ ఎవరినీ ఎవరూ పట్టుకోలేదు. లైట్ల వల్లో, వాచ్‌మన్ వల్లో, ఒకడి కాలు విరగడం వల్లో చెప్పడానికి లేదు.

ఆ సోమవారం సాయంత్రమే గొడుగు ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. ఇక చెప్పక తప్పలేదు. మోకాలు, మూడు గీతలు, నీలం రంగు, నిచ్చెన, గోడ, అన్నీ వరసగా చెప్పాను.

నా భార్య గొడుగు విరిగిన పుల్లని వేలితో తడిమింది. తర్వాత, "బోర్డులు రాసే ఆయనా?" అంది. "మా గేటు మీద పేరు రాసింది కూడా ఆయనేనేమో."

"అయితే ఏంటి? బోర్డులు రాసేవాడు వెధవ కాకూడదా?" అంది బొంగరం. "నిచ్చెన అని అబద్ధం ఎందుకు చెప్పాడు? తప్పు చేశాడు కాబట్టి."

"ఆడమనిషి తంతే కాలు విరిగిందని ఏ మగాడు చెప్పుకుంటాడు?" అన్నాను.

"నువ్వు వాడి తరఫా అన్నయ్యా?"

"నేను ఎవరి తరఫూ కాదు."

"వదినా, నువ్వు చెప్పు. చెయ్యి ఎలా వేశాడు? గట్టిగా పట్టుకున్నాడా, ఊరికే తట్టాడా?"

నా భార్య తన ఎడమ భుజం మీద కుడి చెయ్యి పెట్టుకుని చూసుకుంది. తీసేసి మళ్ళీ పెట్టుకుంది.

"చెయ్యి పడింది. అంతవరకే తెలుసు. ఆ తర్వాత ఏం చేసేవాడో వాడికే తెలీనివ్వలేదు నేను."

"ఏమైనా అన్నాడా?"

"అన్నట్టే ఉంది. గొడుగు మీద వాన. వినపడలేదు."

"సరే, ముందు మొహం చూశావా? చూసి తన్నావా?"

"చూడమని ఎప్పుడు చెప్పావు?"

బొంగరం పొయ్యి మీద నీళ్ళు మరుగుతుంటే లేచి వెళ్ళి మంట ఆపింది. తిరిగి రాకుండా అక్కడే నిలబడింది.

మర్నాడు నా భార్య స్టేషన్‌కి వెళ్తానంది.

"వెళ్ళి ఏమని చెప్తావ్?" అంది బొంగరం.

"తన్నానని."

"ఎవర్ని తన్నావని?"

"అదేగా తెలీంది."

"వాడు వెధవ అయితే, నువ్వే వెళ్ళి వాడి మీద జాలి పడమని చెప్పినట్టవుతుంది. వెధవ కాకపోతే, నిన్నే లోపల కూర్చోబెడతారు. వాడే కేసు పెట్టకుండా ఊరుకుంటే మనం..."

"అందుకే వెళ్ళకూడదంటావా?"

"నాకేం తెలుసు వదినా? కాలు ఎక్కడ పెట్టాలో అడుగు, చెప్తాను. ఇది అడిగితే నాకేం తెలుసు?"

నా భార్య వెళ్ళలేదు. రెండుసార్లు చెప్పులు వేసుకుని రెండుసార్లు విప్పింది. చెకింగ్ టేబుల్ దగ్గర ఆ వారం రెండుసార్లు మాట పడింది. తప్పు లేని చొక్కాలు పక్కన పెడుతోందట.

బొంగరం అభ్యాసం మార్చింది. చెయ్యి పడగానే ముందు ఒక అడుగు పక్కకి దూకి, గోడకి వీపు ఆనించి, మనిషి మొహం చూస్తూ 'ఎవరు' అని అరవాలి. అప్పటికీ మీదికొస్తే తన్నాలి. మొదటి రోజే కాజాల అక్క లేచింది.

"ఎవరు అని అడిగితే వాడు పేరూ ఊరూ చెప్తాడా?"

"చూడ్డానికక్కా. ఒక్క క్షణం."

"ఆ ఒక్క క్షణం ఉండదనేగా ఐదు వారాలు మా కళ్ళు మూయించావు? మొదట కాలు పైకి లేపమన్నావు, నా చెయ్యి పోయింది. ఆ పైన ఆలోచించొద్దన్నావు. ఇప్పుడు ఆలోచించమంటావు. ముందు నువ్వు తేల్చుకో మాస్టరమ్మా, తర్వాత మేం తన్నుతాం."

పదకొండు మందిలో ఆరుగురు మిగిలారు. నా భార్య ఆరుగురిలో లేదు. విలన్‌గా నేనూ మానేశాను. ఇంట్లో బొంగరం, నా భార్య మాట్లాడుకుంటూనే ఉన్నారు. బకెట్టు ఎక్కడ, తలుపు వేశావా, లాంటివి. నేను వంటింట్లోకి వెళ్ళేటప్పుడు గుమ్మంలోనే దగ్గడం అలవాటైంది.

ఆరు వారాలకి ఆ మనిషి కట్టు విప్పి మళ్ళీ ఎక్స్‌రే తీయాలి. తేదీ నా రిజిస్టర్లో ఉంది. నా భార్య రోజూ అడిగేది. చివరికి చెప్పాను. ఆ రోజు ఆమె సగం పూట సెలవు పెట్టి, నా గది బయట బల్ల మీద వచ్చి కూర్చుంది. వాన లేదు. పది రోజులుగా లేదు.

ఆయన కర్రతో వచ్చాడు. ఫిల్ములు తీశాను. అవి తయారయ్యేదాకా బయట కూర్చోమన్నాను. బల్ల మీద ఖాళీ ఉన్నది ఆమె పక్కనే. ఆయన కూర్చున్నాడు. నేను తలుపు తెరిచే ఉంచాను.

"కాలు ఎలా ఉందండీ?" అని అడిగింది.

"పర్లేదమ్మా. మీరెవరు?"

"గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేస్తాను. రోజూ గోడౌన్ల వెనక సందులోంచే వెళ్తాను."

ఆయన కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నన్నెవరూ తన్నలేదమ్మా. నిచ్చెన మీంచి పడ్డాను."

తన్నడం అనే మాట అప్పటిదాకా ఆమె నోటినుంచి రాలేదు. నేనూ అనలేదు.

"తన్నారని నేను అనలేదండీ."

"ఊరంతా అంటున్నారుగా. ఎవరో ఆడమనిషి తంతే ఎవడికో కాలు విరిగిందని. నా కట్టు చూసి టీ కొట్టు దగ్గర నన్ను కూడా అడిగారు. అది నేను కాదు."

"మీరేనండీ."

ఆయన మోకాలు తడుముకున్నాడు.

"నేను మిమ్మల్ని ఏమీ అనడానికి రాలేదు," అంది నా భార్య. "ఒక్కటే అడుగుతాను. నా భుజం మీద చెయ్యి ఎందుకు వేశారు?"

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. నేను తలుపు దగ్గరినుంచి ఆయన మొహంలోకి చూశాను. కోపం అనుకుంటే కోపంలా ఉంది. భయం అనుకుంటే అలాగే ఉంది.

"మీరు ఇంకెవర్నో చూసి నేననుకుంటున్నారమ్మా," అన్నాడు.

"నేను ఎవర్నీ చూడలేదండీ. అదే నా బాధ."

ఆయన కర్ర ఊతం చేసుకుని లేచాడు. నా వైపు తిరిగి, "నిచ్చెన ఎక్కొచ్చా సార్?" అన్నాడు.

"డాక్టరుగారు చెప్తారు. రెండు నెలలు ఎక్కకపోతే మంచిది."

"రెండు నెలలా," అన్నాడు. ఫిల్ముల కవరు కోసం ఆగలేదు. వరండా చివర మెట్లున్నాయి. రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టుకీ రెండు కాళ్ళూ పెట్టి దిగాడు. చివరి మెట్టు దిగేదాకా నా భార్య చూస్తూనే ఉంది.

"కుంటడం పోతుందా?" అంది.

"చాలావరకు పోతుంది."

"మీకేం అనిపించింది?"

"అతనే," అన్నాను.

"అతనేనని నాకూ తెలుసండీ. అతనెవరని అడుగుతున్నాను."

ఫిల్ము నా చేతిలోనే ఉంది. వెలుతురుకి పెట్టి చూశాను. చీలిక మూసుకుంది. కవరు డాక్టరుగారి బల్ల మీద పెట్టి వచ్చి, తర్వాతి నంబరు పిలిచాను.